కాలువ, రేగడి, బోరు

"నీరుగంటి అంటే ఎవరో మీలో ఎవరైనా చెప్పగలరా?"

మొన్న మార్చి నెలలో, ఎండాకాలం సెలవులకు ముందు, ప్రొద్దుటూరులో మా కాలేజీ పిల్లలను ఈ ప్రశ్న అడిగాను. పాఠంలో ఆ మాట వచ్చింది గనుక అడిగానే తప్ప, వాళ్ళను ఇరుకున పెట్టాలని కాదు. తరగతిలో అరవైమంది ఉన్నారు. ముప్పాతికమంది సేద్యగాళ్ళ బిడ్డలే. ఒక్కరూ నోరు మెదపలేదు. చివరకు వెనుక బల్లమీది కుర్రవాడొకడు లేచి, "బడిలో గంట కొట్టే ఆయప్ప సార్" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను.

నీరుగంటి గంట కొట్టడు. చెరువు తూము దగ్గర ఉండి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో అంతసేపు పారించి, వంతు కాగానే మూసివేసే ఊరి ఉద్యోగి అతను. తోడబుట్టినవాడి మడి అయినా సరే, వంతు దాటి చేదెడు నీళ్ళు ఎక్కువ వదలడానికి వీలులేదు. పంట కళ్ళానికి వచ్చాక అతని కష్టానికి ఇంత అని మేర కొలిచి ఇచ్చేవారు. ఇదంతా పిల్లలకు చెప్పి ఇంటికి వచ్చాను. నీళ్ళు పంచేవాడు ఊళ్ళో లేకుండా పోయాడు గనుక మాటా పోయిందని, అంతటితో సరిపెట్టుకొన్నాను.

ఆ సాయంత్రమే పులివెందుల దగ్గరి పల్లెనుంచి మా బావ ఫోను చేశాడు. మా అక్క మగడు.

"ఏమప్పా, ఇంగ లాభం లేదు. ఉన్న బోరు గూడా సన్నగిలె. చీనీ చెట్లు ఆకు ముడుస్తాండాయి. ఇంగో బోరు ఎయ్యల్ల. జమ్మలమడుగు కాడ మీ నాయన చేను నాలుగెకరాలు ఉండాది గదా. బేరం వచ్చిండాది. నువ్వు, మీ యక్క చెరొక సంతకం పెడితే అయిపాయ."

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ నాలుగెకరాలూ మా జేజినాయన నాటినుంచి వస్తున్న నల్లరేగడి. నాయన పోయాక నాకూ అక్కకూ చెరి సగం వచ్చింది. మా ఇంటిలో మిగిలిన నేల అంతే. అటు చూస్తే అక్క సంసారం. ఎటూ తేల్చుకోలేక, సెలవులివ్వగానే ఒక చేతిసంచీ తీసుకొని బయలుదేరాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఒక్క పూటలో బస్సు తిరిగి వచ్చే దూరం. కాని సేద్యం సంగతి చూస్తే మూడూ మూడు దేశాలు! 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా, మావాళ్ళు నేలను గురించి మాట్లాడేటప్పుడు నేటికీ తాలూకాల లెక్కే చెబుతారు. నేనూ అలాగే చెబుతాను.

కాలువ

ప్రొద్దుటూరు పేరు చెబితే పై ఊళ్ళవాళ్ళకు బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు జ్ఞాపకం వస్తాయి. "రెండో బొంబాయి" అని పిలుచుకోవడమూ కద్దు. కాని అంగట్లో మెరిసే బంగారానికి వెనుక చుట్టుపక్కల పల్లెల మన్ను ఉన్నది. వరి అమ్మినవాడు, పసుపు అమ్మినవాడు, పత్తి అమ్మినవాడు, శనగ అమ్మినవాడు వచ్చి కూతురి పెండ్లికి ఇక్కడ నగ కొంటాడు. పంట పండని ఏడు అంగళ్ళ ముందు రద్దీ ఉండదు. ఈ ఊరి కంసాలిని అడిగితే వానల లెక్క చెప్పగలడు!

పాత ప్రొద్దుటూరు తాలూకాలో మాగాణికి ప్రాణం కర్నూలు–కడప కాలువ. అందరూ కె.సి. కాలువ అంటారు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడినుంచి కడపదాకా దాదాపు 300 కిలోమీటర్ల పొడవున తవ్విన కాలువ ఇది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల్లోంచి పుట్టింది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి లండనులో వాటాలు అమ్మి డబ్బు పోగుచేసి, 1860లలో పని సాగించింది. పొలాలకు నీళ్ళు పారడమే కాదు, పడవలు గూడా నడవాలని వాళ్ళ ఆశ.

ఈ కాలువ కథలో ఒక ఘట్టం ఉన్నది. పిల్లలకు చెప్పినప్పుడల్లా వాళ్ళు నమ్మరు. కాలువ వచ్చింది, నీళ్ళు వచ్చినవి. రైతులు మాత్రం చాలాచోట్ల వద్దన్నారు! కంపెనీవాళ్ళు తలలు పట్టుకొన్నారు. తీసుకొనేవాళ్ళు లేక నీటి పన్ను రాబడి లేదు, వడ్డీలు పెరిగినవి. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది.

కరువు సీమలో నీళ్ళు వద్దనడమేమిటి? పిచ్చివాళ్ళా? కారు. కాలువ పారే దారిలో చాలా భాగం నల్లరేగడి. రేగడికి తడి నిలవ ఉంచుకొనే గుణం పుట్టుకతోనే ఉన్నది. ఒకటి రెండు మంచి వానలు తాగితే చాలు, ఆ పదునుమీద జొన్న, పత్తి, శనగ పండుతవి. అలాంటి నేలకు పైనుంచి కాలువ నీళ్ళు కట్టి, నిలవబెడితే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. చవుడు పైకి లేస్తుంది. పైగా నీటికి పన్ను, మడి కట్టడానికి ఖర్చు. తమ నేలకు ఏది కావాలో, ఎంత కావాలో వాళ్ళకు తెలుసు. లండనులో వాటాలు కొన్నవాళ్ళకు తెలియలేదు. అంతే భేదం.

తరువాత కాలంలో సంగతి మారింది. కాలువ కింద వరి స్థిరపడింది. మైదుకూరు, దువ్వూరు వైపు పసుపు స్థిరపడింది. ఈనాడు కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారని రైతులు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారు.

నేను వెళ్ళిన రోజు కాలువ ఎండి ఉన్నది. గట్టుమీద వేపచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉంటే పలకరించాను. ఆయన మడి ఆయకట్టు చివర ఉన్నదట.

"పైవాళ్ళు తాగి వదిలిందే మాకు సామీ," అన్నాడు. "అయినా లస్కరు అనేవాడొకడు ఉండాడు. వంతు అని ఒకటి ఉండాది. గట్టిగా అడిగేదానికి ఒక మనిషి ఉండాడు గదా!"

లస్కరు అంటే కాలువ కాపలాదారు. నీరుగంటికి సర్కారు తమ్ముడు అనుకోండి. ఆ పెద్దాయన మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. అడగడానికి ఒక మనిషి ఉన్నాడనేది ఎంత పెద్ద సంగతో రెండు రోజుల తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

రేగడి

ప్రొద్దుటూరు వదలి పడమటగా పోతే జమ్మలమడుగు. పెన్న ఒడ్డు. ఎర్రమల కొండల వరుస దూరాన కనబడుతూ ఉంటుంది. నేల నలుపు తిరుగుతుంది.

ఏప్రిల్‌లో రేగడి చేను చూడడానికి బాగుండదు. చేయి దూరేటంత నెర్రెలు. గడ్డి పరక లేదు. కొత్తవాడు చూస్తే "ఇది ఎందుకూ పనికిరాని బీడు" అంటాడు. మా జేజినాయన మాత్రం నెర్రెలు చూసి సంతోషించేవాడు. "భూమి నోరు తెరిచింది. తొలివాన మిట్టకు పోదు, పల్లానికి పోదు, నేరుగా కడుపులోకి పోతుంది" అనేవాడు. శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. ఈ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని పగులుతుంది. పైమన్ను పొడి అయి నెర్రెల్లోకి రాలుతుంది. కిందిది పైకి వస్తుంది. తనను తానే దున్నుకొనే నేల అన్నమాట!

అందుకే ఇక్కడి సేద్యం వేరు. తొలకరికి తొందరపడి విత్తరు. వానాకాలమంతా గుంటకతో పైపైన పొరక కోసి, కలుపు చంపి, తడి నేలలో దాస్తారు. హస్త, చిత్త కార్తెలు చూసుకొని, పదును కుదిరాక గొర్రు కడతారు. గొర్రు పైన జడ్డిగం, దానినుంచి గొట్టాలు. మా జేజి కొంగు బిగించి, గొర్రు వెంట నడుస్తూ, పిడికిలిలోంచి గింజలు లెక్కపెట్టినట్లు జడ్డిగంలో వదిలేది. ఆ తరువాత వాన పడకపోయినా సరే. అడుగున తడి, పైన మంచు. పంట వస్తుంది. మంచు పట్టిన శనగ చేలో తెల్లవారుజామున తెల్లబట్ట పరిచి, పిండి, ఆ పుల్లని నీటిని సీసాలో దాచేది. మాకు కడుపునొప్పి వస్తే అదే మందు.

జొన్నలు ఇంటిముందు పాతరలో పోసేవారు. పాతర అంటే భూమిలో తవ్విన గాదె. గోడలకు వరిగడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన మన్ను కప్పి మూసేవారు. రెండు మూడేండ్లు చెడకుండా ఉండేవి. మూత తీయగానే దిగితే గాలి ఆడక ప్రాణం పోతుందని, ముందు దీపం దించి చూసేవారు. పాతర నిండి ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి జంకు లేదు. ఎందుకంటే ఈ సీమకు 1876–78 నాటి ధాత కరువు జ్ఞాపకం ఉన్నది. కరువు మళ్ళీ వస్తుందన్న నమ్మకం మీదనే మావాళ్ళు పంటను లెక్క వేసేవారు.

ఇప్పుడు పాతరలు పూడిపోయినవి. జొన్న తగ్గింది. పత్తి, ధనియాలు ఉన్నా, రేగడికి రాణి శనగ. ఇది ఊరకే జరుగలేదు. 1999లో జె.జి. 11 అనే శనగ రకం విడుదలయింది. హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్, జబల్పూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి చేసిన కృషి ఫలితం. త్వరగా చేతికి వస్తుంది, ఎండుతెగులును తట్టుకొంటుంది. మా రేగడికి కొలిచి కుట్టించిన చొక్కాలాగా సరిపోయింది. కడప, కర్నూలు, అనంతపురం, ప్రకాశం జిల్లాల్లో పది పదిహేనేండ్లలో ఆ పంట అల్లుకుపోయింది. ట్రాక్టరుతో విత్తడం, యంత్రంతో కోయడం. ఊళ్ళో లేనివాడు గూడా సేద్యం చేయవచ్చు.

అదే చిక్కు గూడా. నాబోటివాళ్ళం పట్నంలో కూర్చుని చేను గుత్తకిస్తున్నాం. గుత్త తీసుకొన్నవాడికి ఈ ఏడు శనగ ధర పలికితే లాభం. పడిపోతే మూటలు గోదాములో, వడ్డీ నెత్తిమీద. జొన్న ధర పడిపోతే ఇంటిల్లిపాదీ తినేవారు, చొప్ప ఎద్దులు తినేవి. ఇన్ని మూటల శనగలు ఎవరు తింటారు? నాయన కాలంలో పంటకోత అయ్యాక గొర్రెల మందలు వచ్చి చేలల్లో రాత్రిళ్ళు ఆగేవి. ఎకరాకు ఇన్ని రాత్రులని కాపరులతో మాట. ఇప్పుడు మందలు తగ్గినవి, ఎరువుమూటలు పెరిగినవి.

మా చేను గుత్తకు చేసే రైతు గట్టుమీదికి వచ్చాడు. "అమ్ముతాండారంట గదా సార్" అన్నాడు, నేను నోరు విప్పకముందే. పల్లెలో మాట గాలికన్నా ముందు పోతుంది. "కొనేవాళ్ళు సేద్యానికి కాదంట. ప్లాట్లకో, కరెంటు పలకలకో."

అతని అనుమానం ఊరకే పుట్టింది కాదు. పక్కనే మైలవరం మండలంలో సౌరవిద్యుత్తు కోసం పెద్ద పార్కు పెట్టారు. అద్దాల పలకలు ఎండను పంటగా కోసుకొంటున్నవి. విద్యుత్తు మనకు అవసరమే, కాదనను. కాని ఒకసారి పలకలు పాతిన నేలలో గొర్రు తిరిగే రోజు నా జీవితంలో రాదు. నీళ్ళకోసం మునిగిన నేల మరొకటి. గండికోట రిజర్వాయరులో 26.85 టి.ఎం.సి.ల నీరు నిలవాలంటే (ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు) కొన్ని ఊళ్ళు లేవవలసి వచ్చింది. 2020 సెప్టెంబరులో తాళ్ళప్రొద్దుటూరువాళ్ళు ఇండ్లు ఖాళీ చేసి వెళ్ళారు. ఆ నీళ్ళే ఇప్పుడు పులివెందుల వైపు ఎత్తిపోస్తున్నారు. ఒకరి నేల మునిగితే మరొకరి నేల తడుస్తున్నది. ఆ నీళ్ళను తాగే ప్రతి చెట్టుకూ ఈ బాకీ ఉన్నది.

చేని మధ్యకు పోయి ఒక మంటి పెళ్ళ చేతిలోకి తీసుకొన్నాను. రాయిలాగా ఉన్నది. అయినా అమ్మబుద్ధి కాలేదు. సెంటిమెంటు అంటారేమో, అనుకోనీయండి.

బోరు

ముద్దనూరు దాటి దక్షిణంగా పోతూ ఉంటే నలుపు విరిగి ఎరుపు వస్తుంది. గరుసు నేల, గుట్టలు, వంకలు. పులివెందుల పాతపేరు పులిమందల అంటారు. ఒకప్పుడు ఎంత అడవో ఊహించుకోవచ్చు. ఈ ఎర్రనేల రేగడిలాగా నీళ్ళు దాచుకోదు. పడ్డ వాన పడ్డట్టే ఇంకుతుంది, లేదా వంక పట్టి పోతుంది. కనుక ఇక్కడివాళ్ళు మొదటినుంచీ రెండు దారులు చూసుకొన్నారు. వానమీద కొర్ర, సద్ద, తరువాత వేరుశనగ. బావి కింద ఒకటి రెండెకరాల తోట.

వేరుశనగలో టి.ఎం.వి. 2 అనే రకం 1940లో తిండివనంలో తయారయి, ఈ సీమలో దశాబ్దాలపాటు ఏలింది. వాన వెనుకబడితే ఓర్చుకొని, పడగానే తేరుకొనే మొండి పంట.

బావి సంగతి చెప్పాలంటే కపిల చెప్పాలి. బావి ఒడ్డున ఏటవాలు దారి, రెండెద్దులు, మోకు, తోలు బాన. ఎద్దులు దిగుతూ ఉంటే బాన పైకి వస్తుంది. వెనక్కి నడిస్తే కిందికి పోతుంది. మా అక్క మామగారు కపిల తోలుతూ పాడుతూ ఉంటే చిన్నప్పుడు విన్నాను. ఎద్దు అలిసేదాకానే నీళ్ళు. మోకు అందేదాకానే లోతు. మధ్యాహ్నం ఎద్దులను విప్పితే బావి మళ్ళీ ఊరేది. ఆ సేద్యానికి హద్దు ఎద్దు గుండెలో ఉన్నదన్నమాట.

ఈ భూములను కంపెనీ సర్కారు లెక్కకెక్కించినవాడు సర్ థామస్ మన్రో. 1800లో నైజాము నవాబు ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి వదలుకొన్నాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, ఊరూరా కొలిపించి, ఖుష్కీ, తరీ, బాగాయతు అని నేలలను విడదీశాడు. వెళ్ళిపోతూ, పన్ను నాలుగో వంతు తగ్గించాలనీ, బావుల కింది భూములకు ఇంకా ఎక్కువ తగ్గించాలనీ సిఫారసు చేశాడు. రైతు తన చెమటతో తవ్విన బావి అతనిది, దానిమీద సర్కారు కన్ను పడరాదు అన్నది అందులోని ధర్మం. గండి క్షేత్రంలో మన్రోకు బంగారు తోరణం కనిపించిందని ఇక్కడివాళ్ళు నేటికీ కథ చెబుతారు. అంత అభిమానం.

ఆ ధర్మం కపిల బావికి సరిపోయింది. తరువాత ఆయిల్ ఇంజన్లు వచ్చినవి, కరెంటు మోటార్లు వచ్చినవి, బోరు యంత్రాలు వచ్చినవి. 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊపిరి పోసింది, కాదనేవాడు అన్యాయస్థుడు. కాని ఎద్దు గుండెలో ఉన్న హద్దు చెరిగిపోయింది. మోటారుకు అలుపు లేదు.

వేరుశనగ చేలు చీనీ తోటలయినవి. చీనీ తోటల పక్కన అరటి వచ్చింది. పులివెందుల అరటికి ఢిల్లీదాకా పేరు. పొరుగున ఉన్న తాడిపత్రినుంచి 2020 జనవరిలో అరటిపండ్లు చల్లని పెట్టెల్లో ప్రత్యేకం రైలెక్కి బొంబాయి రేవుకు పోయి, అక్కడినుంచి ఓడ ఎక్కినవి. ఇదంతా ఈ సీమ రైతు బిందుసేద్యం నేర్చి, అప్పు తెచ్చి, మొండిగా సాధించిన ఘనత. ఎవరి పుణ్యమూ కాదు.

బావకు ఆరెకరాలు. నాలుగు చీనీ, రెండు అరటి. పోగానే నన్ను తోటలోకి తీసుకుపోయాడు. చీనీ ఆకులు దొప్పలయి ఉన్నవి. పిందె రాలి కింద పరుచుకొన్నది. ఆయన ఒక్కొక్క బోరు దగ్గరా ఆగి, చనిపోయిన బంధువులను పరిచయం చేసినట్లు చెప్పాడు.

"ఇది మొదటిది. నూట ఎనభై అడుగులకే పొంగె. ఇది రెండోది, మూడేండ్లు పారె. ఇది టెంకాయ పట్టుకొని చూసేటాయప్ప చెప్తే ఏసినాం, దుమ్ము వచ్చె. ఇది ఆరొందలు. ఇది గూడా దుమ్మే. ఇది పక్కాయన ఏసినంక ఎండిపాయ. ఇప్పుడు పారేది ఇదొక్కటే, తొమ్మిదొందల అడుగులు. గంట పోస్తది, గంట పడుకుంటది."

ఏడు బోర్లు. పారేది ఒక్కటి. చుట్టూ చూస్తే ప్రతి తోటలోనూ అదే వరుస. చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర పది టి.ఎం.సి.ల రిజర్వాయరు ఉన్నది. దాని కింది ఊళ్ళు కొంత తేరుకొన్నవి. బావ పల్లె మిట్టమీద ఉన్నది. కాలువ అక్కడిదాకా ఎక్కలేదు.

"ఎనిమిదోది పడుతుందని నమ్మకమా బావా?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. అక్క అందుకొన్నది. "పదహైదేండ్ల చెట్లురా అవి. బిడ్డల మాదిరి పెంచినాం. కండ్లముందర ఎండిపోతాంటే చూస్తా కూచోమంటావా?"

నీరుగంటి

ఆ రాత్రి మిద్దెమీద పడుకొన్నాను గాని నిద్ర రాలేదు. కాలువ గట్టుమీది పెద్దాయన మాట గుర్తుకు వచ్చింది. "అడిగేదానికి ఒక మనిషి ఉండాడు గదా!" చెరువుకు నీరుగంటి ఉన్నాడు. కాలువకు లస్కరు ఉన్నాడు. బోరుకు ఎవరున్నారు? పక్కాయన బోరు వేస్తే బావ బోరు ఎండింది. బావ ఇంకా లోతుకు వేస్తే పక్కాయనది ఎండుతుంది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఒకరింటి పెండ్లికి ఒకరు పోయేవాళ్ళే. కాని భూమి అడుగున ఉన్నది ఒకే చెరువు. దానికి తూములు వందలు, నీరుగంటి లేడు!

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. ఇదే జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండరాదనీ ఆ రాతిమీద చెక్కించాడు. చెరువు తవ్వించినవానికి, మరమ్మతు చూసేవానికి దశబంధం అని మాన్యం ఇచ్చేవారు. పంచడం, కాపాడడం ఒకరి బాధ్యత, దానికొక ప్రతిఫలం. అంతకు ఎనిమిది వందల ఏండ్ల ముందే, ముద్దనూరుకు దగ్గరి కలమళ్ళలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగులో శాసనం వేయించాడు. సుమారు 575 నాటిది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. తెలుగువాళ్ళు తమ మాటను మొదట రాతికెక్కించిన ఈ సీమ సేద్యానికి కొత్తది కాదు.

పై దేశాలవాళ్ళదీ ఇదే అనుభవం. స్పెయిన్‌లో వాలెన్సియా అనే ఊళ్ళో గురువారం గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెద్ద చర్చి వాకిట రైతులే ఎన్నుకొన్న పెద్దలు కూర్చుంటారు. కాలువ నీటి తగవులన్నీ నోటిమాటగానే విని అక్కడికక్కడ తీర్పు చెబుతారు. శతాబ్దాలుగా సాగుతున్నది. 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వంలో చేర్చింది.

అయితే కనబడే కాలువకు తీర్పు చెప్పవచ్చు. కనబడని నీటికి ఎలా? దానికీ మనవాళ్ళే దారి చూపారు. మన రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలి. చట్టం కాగితం మీద ఉన్నది. 2003నుంచి కొన్నేండ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో మరొక పని జరిగింది. పల్లె రైతులే వానను కొలిచారు. బోరులోకి తీగ దించి నీటిమట్టం కొలిచి రాసుకొన్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, "ఇంత వాన పడింది, అడుగున ఇంత నీరు ఉన్నది, ఏ పంట వేస్తే ఎంత తాగుతుంది" అని లెక్కకట్టి ఊరి గోడమీద రాశారు. లెక్క కనబడ్డాక చాలామంది వరి, అరటి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఎవరూ లాఠీ పట్టుకొని చెప్పలేదు. లెక్కే నీరుగంటి అయింది.

తెల్లవారి ఇదంతా అక్కకూ బావకూ చెప్పాను. అక్క విని, "నీ శాసనాలు చెట్లకు నీళ్ళు పోస్తాయా?" అన్నది. మా అక్క తగినంత చదువుకోలేదని ఎవరన్నారు!

నేను శాసనాలు కట్టిపెట్టి బేరానికి దిగాను. రేగడి అమ్మవద్దు. ఎనిమిదో బోరుకు అది పోతే, తొమ్మిదో బోరుకు అమ్మడానికి ఏమీ ఉండదు. ఈ ఏటి గుత్త డబ్బు మొత్తం, నా భాగం గూడా, మీకే ఇస్తాను. దానితో పైపులు కొందాం. ఇరుగుపొరుగున సన్నగా పారే బోర్లున్న వాళ్ళను పిలుద్దాం. నీళ్ళన్నీ ఒక తొట్టిలో కలిపి, వంతుల లెక్కన తోటలకు వదులుకొందాం. కొత్త బోరు ఎవరూ వేయరాదు.

బావ చాలాసేపు ఊరకే ఉన్నాడు. తరువాత పోయి ఇద్దరిని పిలుచుకొచ్చాడు. మూడోవాడు రానన్నాడు. రెండు రోజులు మాటలయినవి. ఒకసారి కేకలూ అయినవి. ఒప్పుకొన్నది చివరకు ముగ్గురు. చీనీలో ముదిరిన చెట్లు ఎకరన్నర కొట్టివేయడానికి బావ మనసు రాయి చేసుకొన్నాడు. గొడ్డలి మాత్రం తాను పట్టలేదు. మనిషిని పెట్టించి తాను పులివెందులకు పోయినాడు. అరటి ఒక ఎకరం తీసివేశారు. ఆ నేలలో వానమీద కొర్ర, వేరుశనగ.

ఇక వంతులు చూసేదెవరు? ముగ్గురికీ ఒకరిమీద ఒకరికి అనుమానమే. అందరూ నమ్మేది ఒక్కరినే, మా అక్కను! ఒక నోటుబుక్కు, ఒక గోడ గడియారం ఆమె చేతిలో పెట్టారు.

ఇది రాస్తున్న నాటికి మిగిలిన చీనీ చెట్లు పచ్చగానే ఉన్నవి. కొర్ర మొలిచింది. అంతా చక్కబడిందని నేను అనను. రానన్న మూడోవాడు వెయ్యి అడుగులకు బోరు వేశాడు, నీరు పడింది. అది ఎన్నాళ్ళు పారుతుందో, పారినన్నాళ్ళూ మా అక్క తొట్టి ఎంత తగ్గుతుందో, ఆ లెక్క ఇంకా తేలలేదు. నీటిపన్ను కట్టనన్న ఆనాటి రేగడి రైతుకు తన నేల ఎంత తాగగలదో తెలుసు. మనం తెలుసుకోవలసింది మన నేల అడుగున ఎంత ఉన్నదో. అది ఒక్కరుగా తెలుసుకొనేది కాదు.

కాలేజీ తెరిచాక ఆ వెనుకబల్ల కుర్రవాణ్ణి పిలిచి చెప్పాను: "నీరుగంటి అంటే ఎవరో చెప్పనా? మా అక్క." వాడు తెల్లముఖం వేశాడు.

మొన్న అక్క ఫోను చేసి, "రాత్రి రెండు గంటలకు లేసి నీళ్ళు తిప్పుతాండా. నీ పుస్తకాల్లో నీరుగంటికి మేర ఇస్తారని చెప్తివే, నా మేర యాడరా?" అని అడిగింది. గుత్త డబ్బంతా పైపులకే పోయింది. దసరాకు వచ్చేటప్పుడు ప్రొద్దుటూరు చీర తెస్తానని చెప్పాను.